గాడిలో రైలుబండి: ధ్వనియంత్రాలను పరీక్షించిన రికార్డుల చరిత్ర

ధ్వనిని ముద్రించి తిరిగి వినిపించే యంత్రాల చరిత్ర రాసేవారు సాధారణంగా ఆ యంత్రాలను కనిపెట్టినవారి దారినో, వాటిమీద పాడి పేరు తెచ్చుకున్న గాయకుల దారినో పట్టుకుని నడుస్తారు. ఈ రెండు దారుల నడుమ, పాటకోసం కాక యంత్రం కోసం తయారైన రికార్డులు కొన్ని ఉన్నాయి. దుకాణదారు తన సరుకు సత్తా చూపటానికి, ఇంటి యజమాని కొత్తగా కొన్న స్టీరియో ఎంత చక్కగా పలుకుతుందో వచ్చినవారికి వినిపించటానికి, విమర్శకుడు రెండు స్పీకర్లలో ఏది మేలో తేల్చటానికి వాడిన వీటిని ప్రదర్శన రికార్డులు లేదా డెమో రికార్డులు అంటారు. వీటికి దగ్గరి చుట్టమైన టెస్ట్ రికార్డు వేరు. అందులో ప్రధానంగా ఉండేవి నిర్ణీత పౌనఃపున్యాలతో, అంటే సెకనుకు ఇన్నిసార్లు అన్న లెక్కతో కంపించే స్వరాలు. వాటి ఫలితాన్ని మీటరు చదువుతుంది. ప్రదర్శన రికార్డుకు తీర్పరి మనిషి చెవి. అందుచేత ఒక్కో కాలంలో ఏ శబ్దాన్ని ప్రదర్శనకు ఎంచుకున్నారో చూస్తే, అంతకుముందటి యంత్రాలకు ఏది చేతకాలేదో, శ్రోతలు దేనికోసం మొహం వాచి ఉన్నారో తెలిసిపోతుంది. ఈ రికార్డులను వరుసగా పేర్చితే కనిపించేది ధ్వనియంత్రాల లోపాల చరిత్ర, ప్రకటనల్లో చదివే విజయాల చరిత్రకన్నా అది నమ్మదగినది.

1877లో ఫోనోగ్రాఫును కనిపెట్టిన థామస్ ఎడిసన్ సంస్థ 1912లో వజ్రపు ముల్లుతో పనిచేసే డైమండ్ డిస్క్ అనే కొత్త యంత్రాన్ని అమ్మకానికి పెట్టింది. పోటీదారైన విక్టర్ సంస్థ దగ్గర కరూసో వంటి మహాగాయకులు ఉండగా, ఎడిసన్ గాయకుల పేరుమీద కాక యంత్రం యథార్థతమీదనే పందెం కాశారు. 1915 మొదలుకొని సుమారు పదేళ్లపాటు ఆయన సంస్థ అమెరికా పట్టణాల్లో టోన్ టెస్ట్ అనే సభలు జరిపించింది. వేదికమీద ఒక పక్క ఫోనోగ్రాఫు, మరో పక్క ఆ రికార్డులో పాడిన గాయని నిలిచేవారు. రికార్డుతో గొంతు కలిపి పాడుతూ పాడుతూ ఆమె నడుమ ఆపేసేవారు. పెదవులు ఆగినా పాట ఆగకపోవటం చూసి సభ విస్తుపోయేది. ఆపైన దీపాలు ఆర్పేవారు, చీకట్లో పాట సాగేది, దీపాలు వెలిగేసరికి వేదికపై యంత్రం ఒక్కటే మిగిలేది. 1916లో న్యూయార్క్ కార్నెగీ హాల్లో మేరీ రాపోల్డ్ అనే గాయని ఇటువంటి సభకే నిలిచారు. మెట్రోపాలిటన్ ఒపేరా గాయని అన్నా కేస్ ఈ పరీక్షలకు అందరికన్నా పేరుపొందారు.

ఆనాటి ముద్రణ పద్ధతి తెలిసినవారికి ఈ ఫలితం నమ్మశక్యం కాదు. కరెంటు, మైక్రోఫోన్ లేని ఆ కాలంలో గాయకులు ఒక పెద్ద లోహపు బూరలోకి పాడితే ఆ గాలి అదురు నేరుగా ముల్లును కదిపి మైనంమీద గాడి గీసేది. మనిషి చెవి సుమారు 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ వరకు, అంటే సెకనుకు అన్ని కంపనాల వరకు వినగలిగితే, ఆ బూర పట్టుకున్నది కొన్ని వందల హెర్ట్జ్ నుంచి రెండు మూడు వేల హెర్ట్జ్ దాకా మాత్రమే. మృదంగం వంటి మంద్ర ధ్వనులూ తాళాల తళుకూ దాని వలలో పడవు. సభ ఎలా మోసపోయిందన్న ప్రశ్నకు అన్నా కేస్ స్వయంగా చాలా ఏళ్ల తర్వాత జవాబిచ్చారు: తన గొంతును రికార్డులోని గొంతుకు సరిపోయేటట్లు మలచుకుని పాడానని ఆమె ఒప్పుకున్నారు. యంత్రం మనిషిని అనుకరించలేనిచోట మనిషి యంత్రాన్ని అనుకరించవలసి వచ్చింది. దీన్ని వట్టి మోసమని కొట్టివేయటం సరికాదు. అప్పటికి చాలామంది శ్రోతలు విన్నవి గీరుమనే పాత యంత్రాలే కనుక, వారి చెవి కొత్త యంత్రాన్ని నిజమైన గొంతుతో కాక ఆ పాత గీరుతోనే పోల్చుకుంది.

1925లో వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థ పద్ధతి వాడుకలోకి వచ్చి మైక్రోఫోన్ బూరను తొలగించింది. ఆ తర్వాత చెప్పుకోదగిన మలుపు రెండో ప్రపంచ యుద్ధంలో వచ్చింది. శత్రు జలాంతర్గామి శబ్దానికీ స్వపక్షపు జలాంతర్గామి శబ్దానికీ తేడా సైనికులకు నేర్పటానికి కావలసిన శిక్షణ రికార్డులను బ్రిటన్‌లోని డెక్కా సంస్థ తయారుచేయవలసి వచ్చింది. ఆ తేడా ఉన్నదంతా తారస్థాయి ధ్వనుల్లోనే కనుక, ఆర్థర్ హాడీ నాయకత్వంలోని ఇంజనీర్లు ముద్రణ పరిధిని సుమారు 14,000 హెర్ట్జ్ దాకా పెంచారు. యుద్ధం ముగిసే వేళకు అదే పద్ధతి ఎఫ్‌ఎఫ్‌ఆర్‌ఆర్, అనగా పూర్తి పౌనఃపున్య పరిధి ముద్రణ, అన్న పేరుతో సంగీతంలోకి వచ్చింది. 1946లో ఎర్నెస్ట్ ఆన్సెర్మే నిర్వహణలో డెక్కా ముద్రించిన స్ట్రావిన్‌స్కీ 'పెట్రూష్కా' ఆ కొత్త పరిధిని చాటిన ప్రదర్శన రికార్డుగా చెలామణి అయింది. జలాంతర్గామిని గుర్తుపట్టటానికి పదును పెట్టిన పరికరం తాళాల మెరుపునూ వయొలిన్ కమాను గరుకునూ మొదటిసారిగా ఇంటి గదిలోకి తెచ్చిందన్నమాట.

పరిధి సమస్య ఒక కొలిక్కి వస్తున్న కాలానికే మరో లోపం శాస్త్రజ్ఞులను వేధిస్తూ ఉంది: ధ్వని అంతా ఒకే బిందువు నుంచి రావటం. మనిషి రెండు చెవులతో వింటాడు. ఎడమ చెవికీ కుడి చెవికీ చేరే శబ్దాల మధ్య ఉన్న అతి స్వల్పమైన కాలభేదం, తీవ్రతాభేదం ఆధారంగా మెదడు శబ్దం వచ్చిన దిక్కును పోల్చుకుంటుంది. ఈ కిటుకును యంత్రానికి నేర్పటానికి ఇంగ్లండ్‌లో ఈఎంఐ ఇంజనీరు అలన్ బ్లమ్‌లైన్ 1931 డిసెంబరులో పేటెంటు దరఖాస్తు చేశారు. రికార్డు గాడికి రెండు వాలు గోడలు ఉంటాయి కదా, ఒకదానికొకటి లంబంగా ఉండే ఆ రెండు గోడలమీద రెండు వేరువేరు ధ్వనులను చెక్కవచ్చునన్న ఆలోచన అందులోనే ఉంది. పాతికేళ్ల తర్వాత లోకమంతటా అమ్మిన స్టీరియో రికార్డు ఈ సూత్రంమీదనే నడిచింది. 1934 జనవరిలో ఆబీ రోడ్ స్టూడియోలో థామస్ బీచమ్ మోజార్ట్ సింఫనీని సాధన చేయిస్తుండగా బ్లమ్‌లైన్ బృందం దాన్ని రెండు చానళ్లలో ముద్రించింది. అయితే ఆయన ప్రయోగాల్లో ఈ వ్యాసానికి ముఖ్యమైనవి సంగీతానికి సంబంధించినవి కావు. గదిలో అటూ ఇటూ నడుస్తూ మాట్లాడే మనుషుల శబ్దం, 1935లో హేస్ రైల్వే స్టేషన్ దగ్గర తీసిన చిత్రంలో సాగిపోయే రైళ్ల శబ్దం: ఆయన పరీక్షకు పెట్టుకున్న వస్తువులు ఇవి. 1942లో రాడార్ పరీక్షలో ఉన్న విమానం కూలి ఆయన చనిపోయేనాటికి ఈ పనిలో ఎక్కువ భాగం ప్రజలకు చేరనేలేదు.

రైలు అక్కడితో ఆగలేదు. ప్రదర్శన రికార్డుల చరిత్రలో అది మళ్ళీ మళ్ళీ కూత పెడుతూనే ఉంటుంది, దానికి కారణాలు వెతకటం కష్టం కాదు. బరువైన చక్రాల కింద పట్టా దడదడలాడే మంద్ర నాదం మొదలు చెవులు చిల్లులుపడే ఆవిరి కూత దాకా శబ్ద పరిధి మొత్తం ఒక్క ఇంజనులో ఉంటుంది. దూరంనుంచి సన్నగా మొదలై, ముందునుంచి ఉరిమి, తిరిగి సన్నగిల్లుతుంది కనుక చిన్న శబ్దానికీ పెద్ద శబ్దానికీ నడుమ అంతరాన్ని యంత్రం ఎంతవరకు మోయగలదో బయటపడుతుంది. అది ఎడమనుంచి కుడికి కదులుతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆనాటి శ్రోతకు ఒపేరా గాయని అసలు గొంతు ఎలా ఉంటుందో తెలియకపోవచ్చునుగానీ రైలు ఎలా వినపడుతుందో తెలియకపోవటం జరగదు. రోజూ వినే శబ్దాన్ని నకలు తీస్తే దొంగతనం వెంటనే పట్టుబడుతుంది.

ఈ సంగతిని వ్యాపారంగా మార్చినవారు అమెరికాలోని కనెటికట్ రాష్ట్రానికి చెందిన ఇంజనీరు ఎమరీ కుక్. ఎక్కువసేపు సంగీతం పట్టే ఎల్పీ రికార్డు, అనగా నిమిషానికి ముప్ఫైమూడూ మూడోవంతు చుట్లు తిరిగే వినైల్ పళ్లెం, 1948లో వచ్చింది. మరుసటి ఏడాది న్యూయార్క్‌లో ఆడియో ఫెయిర్ అనే ధ్వనిపరికరాల సంత మొదలైంది. 1950ల ఆరంభంలో కుక్ 'రైల్ డైనమిక్స్' పేరుతో న్యూయార్క్ సెంట్రల్ మార్గంలో రాత్రివేళ ముద్రించిన ఇంజన్ల శబ్దాలను ఆ సంతలో వినిపించగా, సంగీతం వినిపించే గదులను వదిలి జనం ఆ రైలు దగ్గర గుమిగూడారు. 1952లో ఆయన బ్లమ్‌లైన్ దారి పట్టకుండా మరో ఉపాయంతో రెండు చానళ్ల రికార్డు తెచ్చారు: ఒకే పళ్లెంమీద రెండు వేరు గాళ్ల పట్టీలు, వాటిపై ఒకేసారి నడవటానికి ఒకే చేతికి అమర్చిన రెండు ముళ్లు. రెండు ముళ్లనూ సరిగ్గా ఒకే క్షణానికి చెందిన చోట దించటానికి ఎంత చేతి నిలకడ కావాలో ఊహించుకోవచ్చు. ఆ పద్ధతి నిలవలేదు. కానీ కుక్ ఆసక్తి వ్యాపారాన్ని దాటిపోయింది. భూకంప శాస్త్రజ్ఞుడు హ్యూగో బెనియాఫ్ ముద్రించిన భూమి ప్రకంపనలను, మనిషి చెవికి అందని ఆ మంద్రాన్ని వేగం పెంచి వినపడేటట్లు చేసి, 1953లో రికార్డుగా అమ్మినవాడాయన. ట్రినిడాడ్ స్టీల్ వాద్య బృందాలను ఆయన శ్రద్ధగా ముద్రించారు. తర్వాతి కాలంలో తన సంగ్రహాన్నంతా స్మిత్‌సోనియన్ సంస్థకు అప్పగించటం వల్ల అవన్నీ నేటికీ దక్కాయి. ప్రదర్శన రికార్డులు వట్టి ఆటవస్తువులన్న అభిప్రాయానికి ఎమరీ కుక్ జీవితమే తగిన సమాధానం.

రెండు ముళ్ల ఇబ్బంది 1957 డిసెంబరు 13న న్యూయార్క్‌లో తీరింది. ఆడియో ఫిడెలిటీ అనే చిన్న సంస్థ అధిపతి సిడ్నీ ఫ్రే, ఒకే గాడి రెండు గోడలమీద చెక్కిన స్టీరియో ఎల్పీని ఆనాడు సభలో వినిపించారు. దానికి ఒక వైపు డ్యూక్స్ ఆఫ్ డిక్సీలాండ్ జాజ్ బృందం, రెండో వైపు మళ్ళీ రైలుబండ్లు. చెక్కే యంత్రం వెస్ట్రెక్స్ సంస్థది. మొదటి విడత అచ్చు వేసినవి 500 ప్రతులు. సంస్థ పేరున్న కాగితంమీద ఉత్తరం రాసిన పరిశ్రమవారికి ప్రతిని ఉచితంగా పంపుతానని ఫ్రే ప్రకటించారు. దాన్ని వినగల పికప్‌లు, అనగా ముల్లు కదలికను విద్యుత్తుగా మార్చే పరికరాలు, అప్పటికి బజారులో దాదాపు లేవు. రికార్డు ముందు పుట్టి యంత్రాన్ని తన వెంట లాక్కువచ్చిన అరుదైన ఉదాహరణ ఇది, ఎందుకంటే ప్రతి చేతిలో ఉన్న ప్రతి తయారీదారూ దాన్ని వినటానికి తగిన పరికరం చేయక తప్పలేదు. 1958 గడిచేలోగా పెద్ద సంస్థలన్నీ అదే ప్రమాణాన్ని అంగీకరించాయి.

కొత్తగా రెండు స్పీకర్లు కొన్నవారికి ఆ రెండోది దండగ కాలేదన్న ధైర్యం కావాలి. ఆ ధైర్యాన్ని అందరికన్నా ఘనంగా ఇచ్చినవారు కమాండ్ రికార్డ్స్ స్థాపకుడు, బృంద నాయకుడు ఎనోక్ లైట్. 1959లో ఆయన తెచ్చిన 'పర్‌సూయేసివ్ పర్కషన్' రికార్డులో బాంగో డప్పులు ఎడమ స్పీకరులో మోగితే జవాబు కుడి స్పీకరులో వచ్చేది. బంతి అటూ ఇటూ ఎగిరినట్లుండే ఈ ధోరణికి పింగ్‌పాంగ్ స్టీరియో అన్న పేరు స్థిరపడింది. పుస్తకంలా తెరుచుకునే అట్ట లోపల ప్రతి పాటలో ఏ వాద్యం ఏ వైపునుంచి వినాలో, యంత్రంలో ఏ గుణాన్ని గమనించాలో వివరంగా అచ్చువేశారు. అట్టమీది నల్లచుక్కల రూపకల్పన ప్రఖ్యాత చిత్రకారుడు జోసెఫ్ ఆల్బర్స్‌ది. 1960లో ఈ రికార్డు అమెరికా బిల్‌బోర్డ్ పత్రిక స్టీరియో పట్టికలో మొదటి స్థానానికి చేరింది. ఈ సంగీతాన్ని తేలిక చేసి మాట్లాడటం వాడుక అయిందిగానీ, లైట్ తన శ్రోతను చేయి పట్టుకుని వినటం నేర్పిన పద్ధతి గౌరవించదగినది. ధ్వని ఎక్కడ ఉందో చూడు అని చెప్పేదాకా ఎందరికో ధ్వనికి ఒక చోటు ఉంటుందన్న స్పృహే లేదు. సాధారణ టేపుకన్నా వెడల్పైన, వేగంగా నడిచే 35 మిల్లీమీటర్ల సినిమా ఫిల్ముమీద అయస్కాంత పూత పూసి దానిపై ముద్రించే పద్ధతిని 1961లో ఆయన వాడింది కూడా టేపు సరసరను తగ్గించాలన్న పట్టుదలతోనే.

రైలు తర్వాత ప్రదర్శనకారులు మోజుపడిన శబ్దం ఫిరంగి. చైకోవ్‌స్కీ 1880లో రాసిన '1812' సంగీత రచనలో ఫిరంగి మోతలు స్వరలిపిలోనే ఉన్నాయి. మెర్క్యురీ సంస్థ 1954లో ఆంతాల్ డొరాటీ నిర్వహణలో మినియాపొలిస్ బృందం చేత దాన్ని వాయింపజేసి, వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయపు ఫిరంగినీ యేల్ విశ్వవిద్యాలయపు గంటలనూ వేరుగా ముద్రించి కలిపింది; అదంతా ఎలా చేశారో వ్యాఖ్యాత డీమ్స్ టేలర్ గొంతుతో అదే రికార్డులో వినిపించింది. పాతికేళ్లకు క్లీవ్‌లాండ్‌కు చెందిన టెలార్క్ సంస్థ, ఎరిక్ కుంజెల్ నిర్వహణలో సిన్‌సినాటీ బృందంతో, అదే రచనను టామస్ స్టాక్‌హమ్ రూపొందించిన సౌండ్‌స్ట్రీమ్ డిజిటల్ యంత్రంమీద ముద్రించింది. ధ్వనిని సెకనుకు 50,000 సార్లు కొలిచి ఆ కొలతలను అంకెలుగా దాచే ఆ యంత్రానికి టేపు సరసర ఉండదు, మంద్రానికి హద్దూ దాదాపు ఉండదు. 1979లో వచ్చిన ఆ ఎల్పీలో ఫిరంగి పేలిన చోట గాడి ఎంత వెడల్పుగా వంకర తిరిగిందంటే అది కంటికే కనపడుతుంది; స్పీకర్లు దెబ్బతినవచ్చునన్న హెచ్చరికను అట్టమీద అచ్చువేయవలసి వచ్చింది. ముల్లు ఆ వంకరల్లో నిలవలేక గాడి దాటి ఎగిరిపడటం ఎన్నో ఇళ్లలో జరిగింది. గాడిని వదలకుండా ముల్లు నడవగల శక్తిని కొలవటానికి షూర్ వంటి పికప్ తయారీదారులు అంతకుముందే ప్రత్యేక రికార్డులు చేయించారు: గంటల వంటి వాద్యాల ధ్వనిని మెట్టు మెట్టుగా బిగ్గరగా చెక్కి, ఏ మెట్టు దగ్గర ముల్లు బెసుకుతుందో చెవితో పట్టుకోమన్నారు.

ఇదే 1970లలో మరికొందరు టేపునే దోషిగా నిలబెట్టారు. ఎల్పీ తయారీలో మామూలు వరుస ఇది: సంగీతాన్ని టేపుమీద ముద్రించి, అతుకులు వేసి, నకలు తీసి, ఆ నకలునుంచి లాకర్ పూత పూసిన అల్యూమినియం పళ్లెంమీద గాడి చెక్కి, దానినుంచి లోహపు అచ్చులు తీస్తారు. లాస్ ఏంజెలెస్‌కు చెందిన డగ్ సాక్స్, పియానో వాద్యకారుడు లింకన్ మయోర్గా కలిసి నెలకొల్పిన షెఫీల్డ్ ల్యాబ్ ఈ వరుసలో టేపును పూర్తిగా తీసివేసి, వాద్యకారులు వాయిస్తుండగానే గాడి చెక్కించింది. దీన్ని డైరెక్ట్ టు డిస్క్ అన్నారు. టేపు రాకమునుపు రికార్డులన్నీ అలాగే తయారయ్యేవి కనుక ఇది కొత్త పద్ధతి కాదు, మరిచిపోయిన పాత పద్ధతి. కానీ ఎల్పీ ఒక వైపు నిండేదాకా, పావుగంటకు అటూ ఇటూగా, గాయకులూ వాద్యకారులూ ఇంజనీర్లూ ఎక్కడా ఆగకూడదు. రెండు పాటల నడుమ మౌనంలోనూ గాడి తిరుగుతూనే ఉంటుంది. చివరి పాట చివరి చరణంలో ఒక స్వరం తప్పినా మొదటినుంచి మళ్ళీ మొదలుపెట్టాలి. చెక్కిన పళ్లెంనుంచి తీయగల అచ్చులు పరిమితం, అచ్చులు అరిగితే ఆ ప్రదర్శన ఇక లేదు. 1975లో థెల్మా హ్యూస్టన్ పాటలతోనూ, 1976లో ఒక ప్రార్థనా మందిరంలో హ్యారీ జేమ్స్ బ్యాండుతోనూ వచ్చిన షెఫీల్డ్ రికార్డులు దుకాణాల్లో ఖరీదైన పరికరాలకు గీటురాళ్లయ్యాయి. కచేరీలో తప్పు దిద్దుకునే వీలు లేని విద్వాంసుడికి ఉండే భయభక్తులు, స్టూడియో అలవాటుతో మరుగునపడినవి, ఈ రికార్డుల్లో తిరిగి వినిపిస్తాయి. వాటి విలువ సాంకేతికతకన్నా అందులోనే ఎక్కువ ఉంది.

ఈ రికార్డుల చుట్టూ ఒక విమర్శక వర్గం కూడా పెరిగింది. 1962లో స్టీరియోఫైల్ పత్రిక ప్రారంభించిన జె. గార్డన్ హోల్ట్, మీటరు లెక్కలకన్నా చెవి సాక్ష్యానికే పెద్దపీట వేశారు. 1973లో హ్యారీ పియర్సన్ తన పత్రికకు పెట్టుకున్న 'ది అబ్సల్యూట్ సౌండ్' అన్న పేరే ఒక సిద్ధాంతం: యంత్రసాయం లేకుండా ఒక మందిరంలో మోగే వాద్యాల ధ్వని ఒక్కటే పరమప్రమాణం. ఆయన ఎంపిక చేసిన జాబితాల వల్ల 1950ల చివరినాటి ఆర్‌సీఏ, మెర్క్యురీ పాత ఎల్పీలు సంగ్రాహకుల చేతుల్లో విలువైన వస్తువులయ్యాయి. అయితే రికార్డు ఎంత బాగా ధ్వనిస్తే అందులో వాయించినది అంత పేలవంగా ఉంటుందని హోల్ట్ చేసిన వ్యాఖ్య ఈ రంగానికి గట్టిగా అంటుకుంది. దానికి ఎదురు సాక్ష్యంగా నిలిచేది స్వీడన్ నుంచి వచ్చిన 'జాజ్ ఎట్ ది పాన్‌షాప్'. 1976 డిసెంబరులో స్టాక్‌హోమ్‌లోని స్టాంపెన్ అనే క్లబ్బులో, ఆ పేరుకు తాకట్టు కొట్టు అని అర్థం, ఆర్నె డోమ్‌నెరస్ బృందం వాయించగా ఇంజనీరు గెర్ట్ పామ్‌క్రాంట్జ్ రెండు రాత్రులపాటు ముద్రించారు. గ్లాసులు తగిలిన చప్పుడు, వెనక బల్లల దగ్గర మాటలు, చప్పట్ల నడుమ పుట్టిన నవ్వు, ఇవన్నీ వాద్యాల చుట్టూ గదిని నిలబెడతాయి. రైలూ ఫిరంగీ యంత్రం బలాన్ని పరీక్షిస్తే, ఈ రికార్డు పరీక్షించినది దాని సున్నితత్వాన్ని.

భారతీయ సంగీతం ఈ చరిత్రలోకి వచ్చినది కాలిఫోర్నియా మీదుగా. శాంటా బార్బరాలో వాటర్ లిలీ అకౌస్టిక్స్ నడిపిన కవిచంద్రన్ అలెగ్జాండర్, 1992 సెప్టెంబరులో అక్కడి ఒక క్రైస్తవ విద్యాలయపు ప్రార్థనా మందిరంలో మోహన వీణ విద్వాంసుడు విశ్వమోహన్ భట్‌నూ గిటార్ వాద్యకారుడు రై కూడర్‌నూ ఎదురెదురుగా కూర్చోబెట్టి 'ఎ మీటింగ్ బై ది రివర్' ముద్రించారు. తబలాపై సుఖ్వీందర్ సింగ్ నామ్‌ధారీ, డుంబెక్ డప్పుపై రై కూడర్ కుమారుడు జోయాచిమ్ తోడుగా ఉన్నారు. టిమ్ డి పారవిచినీ రూపొందించిన వాల్వు పరికరాలతో, రెండు మైక్రోఫోన్లను లంబకోణంలో ఒకదానిపై ఒకటి అమర్చే బ్లమ్‌లైన్ పద్ధతిలో, వాద్యానికొక మైక్రోఫోన్ పెట్టకుండా ఈ ముద్రణ జరిగింది. హేస్ స్టేషన్ రైళ్లను పట్టుకున్న ఆలోచనే ఆరు దశాబ్దాల తర్వాత తీగమీద జారే మీండ్‌ను, అంటే ఒక స్వరంనుంచి మరో స్వరానికి తెగకుండా సాగే జారుడును, మందిరం గోడల ప్రతిధ్వనితో సహా పట్టుకుంది. 1994లో దీనికి గ్రామీ పురస్కారం లభించింది. ఖరీదైన స్పీకర్ల పక్కన దీన్ని వినిపించటం ఆ తర్వాత ఆనవాయితీ అయింది, దానివల్ల మోహన వీణ పేరు ఎన్నడూ వినని శ్రోతలు ఆ నాదాన్ని విన్నారు.

1982లో కాంపాక్ట్ డిస్క్ వచ్చాక గాడి, ముల్లు, వాటి బెసుకులు వెనకబడ్డాయి. 1990లో స్టీరియోఫైల్ స్వయంగా ఒక పరీక్షా సీడీ వెలువరించింది. స్పీకర్ల ఎడమ కుడిలు సరిగ్గా ఉన్నాయో లేదో చెప్పే గొంతులూ, శబ్దానికి లోతు ఎంత ఉందో పోల్చుకోమనే పాటలూ ఇటువంటి సీడీల్లో చేరాయి. ఇంతలో జర్మనీలో కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బుర్గ్ అనే ఇంజనీరు దీనికి తలకిందులైన పని మీద ఉన్నారు. చెవి ఎలాగూ గమనించని భాగాలను ధ్వనినుంచి తీసివేసి, మిగిలినదాన్ని చాలా తక్కువ అంకెల్లో ఇమిడ్చే పద్ధతి అది, తర్వాత ఎంపీ3గా లోకానికి తెలిసింది. దాన్ని దిద్దుకుంటున్న రోజుల్లో ఒక హైఫై పత్రికలో, స్పీకర్ల పరీక్షకు సుజాన్ వేగా 1987 నాటి 'టామ్స్ డైనర్' పాటను వాడారని ఆయన చదివారు. ఆ పాటలో వాద్యం లేదు, రైలు లేదు, ఫిరంగి లేదు. ఒక స్త్రీ గొంతు, దాని చుట్టూ కొద్దిపాటి గది. మిగతా సంగీతమంతా చక్కగా పలికిన ఆ పద్ధతిలో ఈ గొంతు మాత్రం వికృతంగా చీలిపోయి వినిపించింది. అన్నా కేస్ యంత్రం కోసం తన గొంతును మలచుకున్నారు. ఈసారి గొంతు అప్పటికే ముద్రితమై ఉంది, అది మారదు. బ్రాండెన్‌బుర్గ్ ఆ పాటనే వందలసార్లు వింటూ, ఆమె గొంతు ఆమె గొంతులాగే నిలిచేదాకా తన లెక్కలను దిద్దుతూ పోయారు.